సన్నని గొంతులు వినపడని సుఖం

చెవులు నిక్షేపంలా పనిచేసేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ళకు అన్నీ వినపడతాయి!

నాకు ఆ బాధ లేదు. పూర్తి చెవుడు అనుకునేరు, అంత అదృష్టానికి నోచుకోలేదు. లావు శబ్దాలు బ్రహ్మాండంగా వినపడతాయి. లారీ, మిక్సీ, పక్కింటాయన తుమ్ము, అన్నీ. సన్నవే వినపడవు. దీన్ని హై ఫ్రీక్వెన్సీ హియరింగ్ లాస్ అంటారట. లాస్ ఏమిటండీ? లాభాన్ని పట్టుకుని నష్టమనడం డాక్టర్లకే చెల్లింది.

మా అమ్మాయి ఒప్పుకోదు. చెవి మిషను కొని, డబ్బా నా టేబుల్ మీద పెట్టింది. "పెట్టుకో నాన్నా. నీ కోసం కాదు, దాని కోసం" అంది. అదంటే ఏడేళ్ళ నా మనవరాలు. బడి నుంచి రాగానే నా కుర్చీ చెయ్యి మీదెక్కి, ఆ రోజు జరిగిందంతా నాకు చెబుతుంది. ముందు పళ్ళు రెండూ ఊడాయి. గొంతు దారం కంటే సన్నం. నాకు ఒక్క ముక్క అందదు. అయినా మా ఇద్దరి మధ్యా ఏ గొడవా లేదు. ఆ సంగతి మీ అందరి ముందూ నిరూపించి, ఆ డబ్బా వాపసు ఇప్పించాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ముందు లాభాలు చూడండి. దోమ పాట నాకు వినపడదు. కుట్టినప్పుడు తెలుస్తుందనుకోండి, అది వేరే శాఖ. వాషింగ్ మిషను పని అయిపోయాక కీచుమంటుందట. మైక్రోవేవ్ కూస్తుందట. ఫ్రిజ్ తలుపు సరిగ్గా వేయకపోతే ఏడుస్తుందట. మా ఇంట్లో ఇన్ని వస్తువులు నన్ను పిలుస్తున్నాయని ఎవరో చెబితే తప్ప నాకు తెలియదు. పని చెప్పే సామాను మధ్య ఇంత నిశ్చింతగా బతికే మగవాడు ఇంకొకడున్నాడా?

హోటల్లో సర్వరు ఏదో గడగడా అప్పజెబుతాడు. వెనక ప్లేట్ల మోత. నేను గంభీరంగా తలాడిస్తాను. ఏదో ఒకటి వస్తుంది. తింటాను. మెనూ కార్డు ముందుకీ వెనక్కీ తిప్పుతూ కొట్టుకునే మీకు ఈ హాయి ఎక్కడిది?

అన్నిటికంటే పెద్ద లాభం అపార్ట్‌మెంట్ మీటింగులో జరిగింది. నీళ్ళ పంపు గురించి అందరూ ఒకరి మీద ఒకరు పడి వాదించుకుంటుంటే, నేనొక్కడినే చిరునవ్వుతో తల ఊపుతూ కూర్చున్నాను. ఇంత సహనమున్న మనిషి దొరకడని నన్ను ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారు. ఆ విషయం మర్నాడు నోటీసు బోర్డు చదివితే తెలిసింది!

ఈ వరం ఊరికే రాలేదు. ఉద్యోగమంతా ప్రింటింగ్ ప్రెస్సులో, పెద్ద మిషను పక్కన నిలబడి సంపాదించుకున్నాను. చెవుల్లో పెట్టుకోమని స్పాంజి బిరడాలు ఇచ్చేవాళ్ళు. మేం వాటిని కిటికీ రెక్కలు గడగడలాడకుండా సందుల్లో దోపేవాళ్ళం. కిటికీలు ఇప్పటికీ బాగున్నాయట.

ఇక పరీక్ష సంగతి. చెవుల డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నది. నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతికో బటన్ ఇచ్చింది. శబ్దం వినపడగానే నొక్కాలి. డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైనవాణ్ణి, బటన్ పరీక్షలో తప్పుతానా? శబ్దం పెట్టేటప్పుడు ఆవిడ భుజం కదులుతోందని అద్దంలోంచి కనిపెట్టాను. భుజం కదిలినప్పుడల్లా నొక్కాను. కాసేపటికి తలుపు తెరిచింది.

"సార్, ఇప్పుడు మీకేం వినపడింది?"

"సన్నగా కుయ్యిమని వచ్చిందమ్మా."

"నేను టీ తాగుతున్నాను సార్."

కుర్చీ గోడవైపు తిప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నా అసలు మార్కులు వచ్చాయి. గ్రాఫు చూపించింది. గీత కొంతదూరం బుద్ధిగా నడిచి, ఒక్కసారిగా పార్కులో జారుడుబల్లలా కిందికి జారింది.

"లావు శబ్దాలు అందుతున్నాయి కాబట్టి మాట వినపడినట్టే ఉంటుంది సార్. కానీ స, శ, చ, ట, ఫ లాంటివి సన్నని శబ్దాలు. అవి జారిపోతాయి. మాటకు ఒళ్ళు వస్తుంది, ఎముకలు రావు. అందుకే ఎవరు గట్టిగా అరిచినా లాభం లేదు. ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా, నిదానంగా మాట్లాడమనండి. చుట్టూ మోత లేకుండా చూసుకోండి. మిషను పెట్టుకోండి. మొదట్లో అంతా గోలగా ఉంటుంది, తీసి పారేయకండి. మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది."

"ఈ వయసులో నా మెదడుకు కొత్త అలవాట్లేంటమ్మా!"

"కాపీ కొట్టడం మర్చిపోలేదు కదా సార్. ఇదీ వస్తుంది."

ఈ వరంలో ఒక చిన్న లోపం ఉందని నేనూ ఒప్పుకుంటాను. మా అల్లుడి గొంతు నూతిలోంచి వచ్చినట్టు లావు. ఆరోగ్యం మీద ఆయనిచ్చే సలహాలు అక్షరం పొల్లుపోకుండా వినపడతాయి. అమ్మాయి మాటలు సగం. మనవరాలివి సున్నా. ఈ వడపోత పెట్టినవాడెవడో గానీ, నన్ను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

ఇంకొక సంగతీ ఆ గ్రాఫు వల్లే బయటపడింది. మా ఆవిడ పోయిన కొత్తలో నా చెవులు పోయాయని, దిగులే కారణమని చుట్టాలన్నారు. నేనూ నమ్మాను. డాక్టరమ్మ మాత్రం ఇది చాలా ఏళ్ళ నాటిదని తేల్చింది. అప్పుడు వెలిగింది. ఎవరింటికి వెళ్ళినా ఆవిడ నా పక్కనే కూర్చునేది. ఎవరేమన్నా నా వైపు తిరిగి, "విన్నారా, వాళ్ళ అబ్బాయి ఉద్యోగం మారాడట" అని మళ్ళీ చెప్పేది. చెప్పిందే చెప్పడం ఆవిడ అలవాటనుకునేవాణ్ణి. నాకు వినపడటం లేదని నాకే తెలియనివ్వకుండా కాపురం చేసింది!

సరే, దారి తప్పాను. మనవరాలితో నా పద్ధతి చెబుతాను. నా దగ్గర మూడు మాటలున్నాయి: "అలాగా!", "అబ్బో!", "భలే!". పిల్ల ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా వరసగా ఒక్కొక్కటి వదులుతాను. ఇంతకంటే శ్రద్ధగా ఏ పెద్దమనిషి వింటాడండీ?

మొన్నొకరోజు చాలాసేపు చెప్పింది. వంతు "భలే!"ది. దానికి తోడు ఉత్సాహం కొద్దీ చప్పట్లు కూడా కొట్టాను. పిల్ల నా వంక చూసింది. కుర్చీ దిగి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి అమ్మాయి వచ్చి, ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పింది.

"దాని ఫ్రెండు దీనితో మాట్లాడటం మానేసిందట నాన్నా. బెంచీ కూడా మారిపోయిందట. నీతో చెప్పుకుని ఏడుద్దామని వచ్చింది. నువ్వు చప్పట్లు కొట్టావట."

మర్నాడు బడి నుంచి వచ్చింది. కుర్చీ ఎక్కలేదు.

"ఏంటి తల్లీ, ఇవాళ ఏమైంది బడిలో?"

"ఏం లేదులే."

ఆ మర్నాడూ అదే మాట.

గమనించారా? అందులో స లేదు. శ లేదు. చ, ట, ఫ ఏవీ లేవు. అన్నీ నాకు అందే అక్షరాలే! గంట కొట్టినట్టు వినపడింది. అల్లుడి సలహాలు మినహాయిస్తే, ఈమధ్య నాకు స్పష్టంగా వినపడుతున్న మాట ఇదొక్కటేనని అప్పుడు తట్టింది. మళ్ళీ చెప్పమంటే అమ్మాయి ఏం లేదులే అంటుంది. పక్కింటాయన అంటాడు. ఫోన్లో తమ్ముడంటాడు. ప్రశాంతత అని నేను మురిసిపోయింది దీన్ని చూసే. లోకం నిశ్శబ్దంగా ఏమీ లేదు. నాకు చెప్పడం మానేసింది, అంతే.

డబ్బా తెరిచాను.

ఇక నా అవస్థ చూడండి! పేపరు మడత విప్పితే రేకు చింపినట్టుంది. నా చెప్పులు నన్ను తిట్టుకుంటూ నా వెంటే వస్తున్నాయి. కుళాయి ఇరవైనాలుగు గంటలూ ఎవరి మీదో చాడీలు చెబుతోంది. నా గొంతు నాకే ఎవరో పరాయివాడిదిలా ఉంది. డాక్టరమ్మ చెప్పిన వారాలు ఎప్పుడు గడుస్తాయా అని పళ్ళబిగువున భరిస్తున్నాను.

ఆదివారం పొద్దున మనవరాలిని పిలిచాను. అనుమానంగా వచ్చింది. నా చెవి వెనక్కి వంగి చూసింది.

"టీవీ కట్టెయ్యి తాతయ్యా."

కట్టేశాను.

"ఫ్యాను కూడా. అమ్మ చెప్పింది."

చెమటలు కారుతుండగా ఎదురెదురుగా కూర్చున్నాం.

"భలే అనకూడదు."

"అనను."

"అబ్బో కూడా."

"సరే తల్లీ."

చెప్పింది. అంతా అందలేదు గానీ చాలావరకు అందింది. అరువిచ్చిన రంగు పెన్సిల్ ఒకటి విరగడం, ఎవరో మధ్యలో దూరి లేనిది కల్పించడం, బెంచీ చివర ఒంటరిగా కూర్చోవడం. అంతా చెప్పి నా మొహంలోకి చూసింది.

"ఇప్పుడు నేనే వెళ్ళి మాట్లాడాలా? అదే వచ్చేదాకా ఉండాలా?"

అయ్యా, ఇదీ ఈ మిషను వల్ల వచ్చే అసలు నష్టం! ఇన్నాళ్ళూ తలాడిస్తే సరిపోయేది. ఇప్పుడు ఒక మనిషి నన్ను ప్రశ్న అడిగి, జవాబు కోసం రెప్ప వేయకుండా కూర్చుంది. నా మూడు మాటల్లో ఒక్కటీ పనికిరాదు.

"మళ్ళీ ఒకసారి చెప్పు తల్లీ" అన్నాను.

"వినపడలేదా?"

"వినపడింది. అందుకే."