పొలం కన్నా పెద్ద ట్రాక్టర్

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న పొలం ఉండేది. అడవి ఎంత పెద్దదో ఎవరూ కొలవలేదు. పొలం మాత్రం ఈ గట్టున నిలబడి మామూలుగా మాట్లాడితే ఆ గట్టున వినపడేంత. వాగు పక్కన మెత్తటి ఒండ్రునేల. తొలకరి పడగానే కుందేళ్ళు అందులో అలసందలు, వేరుశనగ వేసుకునేవి. ఎండాకాలం అడవిలో గడ్డి మాడిపోయినప్పుడు కుందేలు పిల్లలు బతికేది ఆ పంట మీదే.

ఆ పొలాన్ని ఏళ్ళ తరబడి ఒక ముసలి అడవిపంది దున్నిపెట్టేది. మూతి నేలకు ఆనించి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తవ్వుకుంటూ పోయేది. కూలి కింద దొరికిన దుంపలు తినేది. ఒక ఏడు చలికాలంలో అది చచ్చిపోయింది. దాని కొడుకుల్ని అడిగితే దుంపలు తినడానికి వస్తామన్నారు గాని, దున్నుతామని మాత్రం అనలేదు.

కుందేళ్ళలో పెద్దది నాంచారమ్మ అడవి పరిషత్తుకు వెళ్ళి, పొలానికి ఒక చిన్న ట్రాక్టర్ కావాలని అడిగింది. సాళ్ళ మధ్య పట్టాలంది. గట్టు దగ్గర ఒక్క మలుపులో తిరగాలంది. తడినేలలో దిగబడకుండా తేలిగ్గా ఉంటే చాలు, బలం మరీ ఎక్కువ అక్కర్లేదంది.

పరిషత్తుకు ఆమె కోరిక మీద అభ్యంతరం లేదు గాని, అడిగిన తీరు నచ్చలేదు. ఏం కావాలో అడిగేవాళ్ళే చెప్పేస్తే ఇక పరిషత్తు ఎందుకు? అందుకని ఎంపిక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు దిగ్గజరావు అనే ఏనుగు. కార్యదర్శి ఉపేంద్రం అనే నక్క. యంత్రాల నిపుణుడు భల్లారావు అనే ఎలుగుబంటి. భల్లారావు ఒకసారి బెల్లం వాసన పట్టి లారీ ఎక్కి, పొరపాటున పట్టణం దాకా వెళ్ళొచ్చాడు. అప్పటి నుంచి అడవిలో చక్రాలున్న ప్రతి వస్తువు మీదా ఆయన మాటే చివరి మాట. నాంచారమ్మను ప్రత్యేక ఆహ్వానితురాలిగా వేశారు. అంటే రావచ్చు, మాట్లాడకూడదు.

అడవి అంచున ఒక నెమలి ట్రాక్టర్ల కొట్టు నడిపేది. కమిటీ అక్కడికి వెళ్ళింది. నెమలి పొలం సంగతి విని, మొదట నిజాయితీగానే ఒక చిన్న బండిని చూపించింది. నాంచారమ్మ దాని చుట్టూ తిరిగింది. చక్రాల మధ్య దూరి చూసింది, టైరు మీద చెయ్యి వేసి నొక్కింది. అడవిపంది పోయిన దగ్గర్నుంచి ఆమె మొహంలో లేని కళ అప్పుడు కనిపించింది. పిల్లలకు వచ్చే ఎండాకాలం గడిచినట్టే అనుకుంది.

అంతలో దిగ్గజరావు, బండి ఎలా ఉందో చూద్దామని దాని మీద కూర్చోబోయాడు. సీటు ఆయన కింద మాయమైంది. బండి ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. ఆయన దిగి తొండంతో వెనక దులుపుకున్నాడు.

అధ్యక్షుల మౌనాన్ని చదవడమే ఉపేంద్రం ఉద్యోగం. అధ్యక్షులవారిని మొయ్యలేని బండి అడవి గౌరవాన్ని ఏం మోస్తుందని అతను విచారం వెలిబుచ్చాడు. భల్లారావు ఇంజను చప్పుడు విని, దోమ కూడా ఇంతకన్నా గట్టిగా అరుస్తుందన్నాడు. పక్క అడవికి అడవిదున్న అధ్యక్షత వహిస్తోందనీ, వాళ్ళు యాభై గుర్రాల బలం ఉన్న బండి కొన్నారనీ గుర్తు చేశాడు. ఆ మాట వినగానే దిగ్గజరావు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

నాంచారమ్మ తన హోదా మరిచిపోయింది. "అయ్యా, దున్నాల్సింది మా పొలం. అధ్యక్షులవారు రోజూ వచ్చి దున్నరు గదా" అంది.

ఆహ్వానితులు మాట్లాడకూడదని ఉపేంద్రం మెల్లిగా చెప్పాడు. నెమలికి గాలి ఎటు వీస్తోందో అర్థమైంది. పింఛం విప్పి, కమిటీని కొట్టు వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ ఎన్నాళ్ళుగానో అమ్ముడుపోని ఒక మహాకాయం నిలబడి ఉంది. దాని వెనక చక్రం పక్కన నాంచారమ్మ చెవులతో సహా కనిపించలేదు. మాట వరసకు నెమలి పొలం ఎంతని మళ్ళీ అడిగింది. అడవి ఎంతో చూడమన్నాడు ఉపేంద్రం.

బండికి దండ వేశారు. దిగ్గజరావు ఎక్కి కూర్చున్నాడు. భల్లారావు నడిపాడు. పొలంలోకి వెళ్ళడానికి దారి చాలక కంచె తీసేశారు. కంచె తీసినా చాలక గట్టు తొక్కేశారు. లోపలికి వెళ్ళాక నాగలి దించేలోపే పొలం అయిపోయింది. వెనక్కి తిప్పబోతే రెండో గట్టు పోయింది. భల్లారావు ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ పోనిచ్చి, చివరికి మెత్తటి ఒండ్రుని కళ్ళంలా గట్టిపరిచాడు. అంత గొప్ప చప్పుడు ఆ అడవి ఎప్పుడూ వినలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాంచారమ్మ వంగి గోటితో నేలను గీకింది. గోరు దిగలేదు.

ఆమె ఫిర్యాదు చేస్తే విచారణ జరిగింది. విచారించింది ఆ ముగ్గురే. బండిలో ఏ లోపమూ లేదనీ, పొలం ఇరుకుగా ఉండటం వల్ల బండి తన సామర్థ్యం చూపలేకపోయిందనీ తేల్చారు. పొలం పెంచాలని తీర్మానించారు. ఉత్తరాన కుందేళ్ళ బొరియలు తీసెయ్యాలి, దక్షిణాన వాగు ఒడ్డుని పట్టుకుని ఉన్న ఏరుమద్ది చెట్లు కొట్టెయ్యాలి.

నాంచారమ్మ ఈసారి పిల్లల్ని వెంటపెట్టుకుని పరిషత్తుకు వెళ్ళింది. "పొలం కోసం బండి అడిగాం. ఇప్పుడు మీరు బండి కోసం పొలం అడుగుతున్నారు. మేం ఎక్కడ ఉండాలి?" అని అడిగింది.

దిగ్గజరావు దయగానే జవాబిచ్చాడు. "అభివృద్ధి అన్నాక కాస్త జరగాలమ్మా" అన్నాడు.

కుందేళ్ళు జరిగాయి. కళ్ళు తెరవని పిల్లల్ని నోట కరుచుకుని వాగు దాటి, అవతల రాళ్ళ మెరక మీదికి చేరాయి. అక్కడ నేల పలచన, ఎండ ఎక్కువ. దున్నడానికి గోళ్ళు తప్ప ఏమీ లేవు. నాంచారమ్మ ముందు కాళ్ళు రక్తాలు కారాయి. పిల్లలు చూస్తే భయపడతారని వాటిని మట్టిలో దాచుకుని, రాళ్ళ సందుల్లో ఒక్కొక్క గింజా పెట్టుకుంటూ పోయింది.

ఇవతల పొలం బాగా పెరిగింది. బండి ఇప్పుడు హాయిగా తిరుగుతోంది. విత్తనాలు వెయ్యాల్సిన కుందేళ్ళు లేవు గనక ఉత్తినే తిరుగుతోంది. సాయంత్రాలు దిగ్గజరావు దాని మీద షికారుకు వెళ్ళేవాడు.

మొదటి పెద్దవానకు వాగు పొంగింది. చెట్లు లేని ఒడ్డు కరిగి నీళ్ళలో కలిసింది. దాని వెంట పెంచిన పొలం, పొలం వెంట ట్రాక్టర్ కొట్టుకుపోయాయి. అంతా వెళ్ళి దిగువన ఏనుగులు జలకాలాడే మడుగులో పడింది. మడుగు బురదతో పూడిపోయింది. బురద పైన పొగగొట్టం ఒక్కటే మిగిలింది.

ఏనుగుల ఒళ్ళు దురదపెట్టసాగింది. గుంపులో ఆడ ఏనుగులు దిగ్గజరావుతో మాట్లాడటం మానేశాయి. చివరికి ఆయన సిగ్గు చంపుకుని పక్క అడవికి వెళ్ళి, తమ వాళ్ళకు ఒక్కపూట స్నానానికి చోటిమ్మని అడవిదున్నను బతిమాలాడు. అడవిదున్న తన మంద మొత్తం నీళ్ళు కలిచి లేచేదాకా ఆయన్ను ఒడ్డునే నిలబెట్టింది.

నిలబడ్డంతసేపూ దిగ్గజరావు ఆ యాభై గుర్రాల బండి కోసం చుట్టూ వెతికాడు. ఎక్కడా కనిపించక, ఉండబట్టలేక అడిగేశాడు.

అడవిదున్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మాదీ మొదటి వానకే దిగబడింది. మీకు చెప్పుకోలేదంతే."

ఆ రోజు చేసిన స్నానం కన్నా ఆ మాటే దిగ్గజరావు ఒంటికి ఎక్కువ చల్లగా తగిలింది. తిరిగొచ్చాక ఆయన తల మళ్ళీ ఎత్తుకున్నాడు.

సర్వసభ్య సమావేశంలో ఉపేంద్రం ట్రాక్టర్ పథకం ఫలితాలు చదివాడు. పథకం స్ఫూర్తితో కుందేళ్ళు కొత్త భూములు సాగులోకి తెచ్చాయనీ, ఎవరి సాయమూ లేకుండా పండించుకోవడం నేర్చుకున్నాయనీ, మెరక మీద అలసందలు విరగకాశాయనీ చెప్పాడు. నిజానికి పిల్లలకు అరకడుపు నిండేంత కాశాయి. కమిటీలో ముగ్గురికీ దండలు పడ్డాయి. పొగగొట్టాన్ని బయటికి లాగడానికి భల్లారావు అధ్యక్షతన మరో కమిటీ వేశారు.

నాంచారమ్మను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె లేచి, కాయలు ఎండిపోతున్నాయి, కోసుకోవాలి, వెళతానంది. వెళ్ళిపోయింది. ఆనందంతో ఆమెకు మాటలు రాలేదని ఉపేంద్రం సభకు వివరించాడు.

నీతి: పొలం కొలుచుకుని ట్రాక్టర్ కొనేవాడికి దక్కితే పంట దక్కుతుంది, ట్రాక్టర్ కొన్నాక పొలం కొలిచేవాడికి దండ ఎలాగూ దక్కుతుంది.