అంతయ్య పేర బావి

పంచాయతీ ఎన్నికలు ఊళ్లకింకా కొత్తగా ఉన్న రోజులు. ఓట్లకు ముందు రోజు పొద్దున కైలాసం వేసిన పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. మొదటి బస్సుకు అంతయ్యను హుజూరాబాద్ తీసుకుపోవాలి, అక్కడి జట్టు మీద చెడుగుడు ఆడించి గెలిపించాలి, సాయంత్రానికి తిరిగి తేవాలి. ఆ ఊపుకు మర్నాడు వార్డు మెంబరు పదవి దానంతటదే ఒళ్లో పడుతుంది.

అంతయ్య ఒకప్పుడు హుస్నాబాద్ సాలెవాడ జట్టుకు కెప్టెను. అతను కూత అందుకుంటే పొయ్యి మీది బియ్యం అన్నమయ్యేదాకా ఊపిరి తీసేవాడు కాదని కైలాసం ఇప్పటికీ చెబుతాడు. ఏ బియ్యమో మాత్రం చెప్పడు. ఇప్పుడా కెప్టెనుకు బొజ్జ వచ్చింది, పెళ్లాం పోయింది, పోటీ దామోదర్‌రావు దొరతో పడింది. తను గెలిస్తే వాడ నడుమ మంచినీళ్ల బావి తవ్విస్తానన్నాడు అంతయ్య. కైలాసం భార్య సత్తమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఊరవతల దొర మామిడితోటలోంచి నీళ్లు మోస్తున్నది. అంతయ్య గెలుపంటే ఆమెకు నెత్తి మీది బిందె దిగడమే.

"ఓట్ల ముంగట ఆటేందిరా? మోకాలు సుత వంగుతలేదు," అన్నాడు అంతయ్య.

"అన్నా, నువ్వు బరిల గెలిచిననాడు మనం ఎన్నడన్న ఏదన్న ఓడినమా? ఫికర్ చెయ్యకు, నడువు."

చెడుగుడు పేరెత్తితే సత్తమ్మకు ఒళ్లు మంట. అందుకని ఓట్ల పని మీద పోతున్నామని ఇంట్లో చెప్పాడు.

హుజూరాబాదులో మొదటి కూతకే నలుగురు కుర్రాళ్లు అంతయ్య మీద పడ్డారు. గీతకు జానెడు దూరంలో ఊపిరి ఆగింది. చీలమండ కూడా బెణికింది. అతన్ని చుట్టాలింట్లో దింపి కైలాసం ఒక్కడే తిరిగొచ్చి, రుమాలు నెత్తిన కప్పుకుని వాకిట్లో కూలబడ్డాడు.

"ఏమైందయ్యా?"

"ఏం చెప్పాలెనే... అంతన్న సచ్చిండు."

చెడుగుడులో ఔటైనవాడు చచ్చినట్టే లెక్క, మన జట్టు అవతలివాణ్ని చంపితే మళ్లీ లేస్తాడు. సత్తమ్మకు అసలు ఆట జరిగిందనే తెలియదు. చేతిలోని బిందె జారిపోయింది.

"అయ్యో! ఎట్ల?"

"నలుగురు మీద పడ్డరు, ఊపిరి ఆగింది. మల్ల లేస్తడేమోనని సూసిన. లేవలే."

"ఆన్నే ఇడిసిపెట్టి వచ్చినవా?"

"రేపు బస్సుల తోలిస్తమన్నరు," అని కైలాసం లోపలికి పోయి ముసుగు తన్నాడు.

అంతయ్యకు ఇంట్లో ఏడ్చే దిక్కు లేదు కనుక ఆ పని వాడంతా మీదేసుకుంది. మగ్గాలు ఆగిపోయాయి. ముసుగులో ఆ ఏడుపులు విన్న కైలాసం గుండె పొంగింది. ఒక్క ఆట ఓడితేనే ఇంత దుఃఖమా! ఇలాంటి వాడ ఓటెయ్యకుండా ఉంటుందా? చచ్చిన ఆశ లేచి కూర్చుంది. తెల్లవారగానే ఎవరికీ చెప్పకుండా అంతయ్య కోసం బస్సుల దగ్గరికి పరుగెత్తాడు. ఆ బస్సు దారిలో టైరు పేలి మధ్యాహ్నం దాటాక వచ్చింది.

ఈలోగా దామోదర్‌రావు కండువాతో కళ్లద్దుకుంటూ వాడలోకి వచ్చాడు. "పోటీల నిలవడితేంది, బంగారమసొంటి మనిషి. నేను గెలిస్తె పోయిన అంతయ్య పేర గీ వాడ నడుమ బాయి తవ్విస్త."

"బతికుంటే తవ్వునో లేదో, సచ్చి తవ్విస్తుండు కొడుకు," అని ముసలి శంకరవ్వ ముక్కు చీదింది. చచ్చినవాడికి ఓటేసి లాభమేమిటి? వాడంతా ఏడ్చుకుంటూ పోయి దామోదర్‌రావుకు ఓట్లేసి వచ్చి పాడె కట్టింది.

బస్సు దిగిన అంతయ్య బడి దగ్గర ఆగి తన ఓటు వేసుకున్నాడు, కైలాసం కూడా వేశాడు. కుంటుకుంటూ వాడలోకి వచ్చి పాడెను చూడగానే అంతయ్య రుమాలు తీసి, గొంతు తగ్గించాడు.

"అయ్యో పాపం! ఎవలు పోయిండ్రు?"

సత్తమ్మ అతని పాదాలు ముందుకే ఉన్నాయా అని చూసుకుంది.

"నువ్వేనన్నా."

ఆ సాయంత్రం ఓట్లు లెక్కపెడితే అంతయ్యకు రెండే వచ్చాయి.

వాడంతా దామోదర్‌రావు వాకిట్లో నిలబడింది. "దొరా, మరి బాయి?"

"అన్న మాట తప్పుతనా?" అన్నాడు దామోదర్‌రావు. "పోయిన అంతయ్య పేర తవ్విస్తనన్న. ముందుగాల ఆయన్ను పోనీయుండ్రి. గంత తొందరేమున్నది?"

సత్తమ్మ మొగుణ్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కైలాసానికి రెండు ముద్దలు దిగేవి. ఆనాటి నుంచి చెడుగుడు మాటెత్తకుండా రెండో బిందె తనే మోస్తున్నాడు.

తోట దారిలో ఎప్పుడైనా అంతయ్య ఎదురుపడితే సత్తమ్మ ఆగి అడుగుతుంది. "పాణం ఎట్లున్నదన్నా?"

"దుక్కలెక్క ఉన్న చెల్లె, దగ్గు సుత లేదు," అంటాడతను.

ఆమె బరువుగా నిట్టూర్చి బిందె సర్దుకుంటుంది. వాడలో అతని ఆరోగ్యం గురించి అంతమంది అంత శ్రద్ధగా అడగడం అంతకుముందెన్నడూ లేదు.