ఇడ్లీ పాత్రలో కారు లైటు

వాసవీ జయంతి నాడు పొద్దున్నే కాఫీ తాగి, కారు శుభ్రంగా కడిగి, పూలు కట్టేవాడికి అప్పగించేసి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలని కేశవులు ముందురోజే అనుకున్నాడు. నంద్యాల బజారులో స్టీలు సామాన్ల అంగడి నడిపే మనిషి అంగడికి సెలవున్న రోజున అంతకంటే గొప్ప ఆశలు పెట్టుకోడు. పైగా అది ఆయన జీవితంలో మామూలు రోజు కాదు. సాయంత్రం అమ్మవారిశాల నుంచి కదిలే ఊరేగింపులో కన్యకాపరమేశ్వరి పటం ఎక్కేది ఆయన కారు మీదే.

ఆ భాగ్యం అంతకుముందు ఏటేటా బట్టల అంగడి మురళి జీపుకు దక్కేది. ఈ ఏడు సంఘం అధ్యక్షుడు ప్రదీప్‌కుమార్, కేశవులు దగ్గర మంచి కారు ఉండగా జీపెందుకని అందరి ముందూ అనేశాడు. ఆ రోజు నుంచి మురళి ఎక్కడ ఎదురుపడినా, ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని అడిగినట్టు, కారు ఎలా ఉందని అడుగుతున్నాడు. కేశవులు బాగుందని చెబుతూ వచ్చాడు. నిజంగానే బాగుంది కూడా.

అది బెంగళూరులో సెకండుహ్యాండుకు కొన్న కారు. మొదటి యజమాని ఎవరో షోకుమనిషి, వెనకవైపు మామూలు బల్బులు పీకించి ఎల్‌ఇడి లైట్లు వేయించాడు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి జేబుల్లోకి వస్తున్న కాలం. ఊళ్లో అలాంటి లైట్లున్న కారు వేరే లేదు. బ్రేకు తొక్కితే దానిమ్మ గింజలు పరిచినట్టు ఎర్రగా వెలిగేవి. మహానందిలో బండి పూజ చేయించి తెచ్చిన కొత్తలో కేశవులు భార్య శ్రీవాసవిని లోపల కూర్చోబెట్టి, బ్రేకు తొక్కించి, తాను వెనక నిలబడి చూసుకుని మురిసిపోయేవాడు.

జయంతి నాడు పొద్దున కూడా అలాగే తొక్కించాడు. ఎడమవైపు వెలిగింది. కుడివైపు వెలగలేదు. మళ్లీ తొక్కమన్నాడు. గట్టిగా తొక్కమన్నాడు. ఆమె ఎంత గట్టిగా తొక్కినా కుడివైపు చీకటిగానే ఉంది.

ఊరేగింపులో మేళం ముందు నడుస్తుంది, మిగతా ఊరంతా బండి వెనక నడుస్తుంది. బండికి ఆనుకునే ఆడవాళ్ల కోలాటం. అంటే దారి పొడవునా అందరి కళ్లూ ఆ రెండు లైట్ల మీదే. ఒంటికన్ను బండి మీద అమ్మవారిని కూర్చోబెట్టడం అరిష్టమని మురళి ఒక్క మాటంటే చాలు, పటం దించి జీపు మీదికి మార్చేస్తారు. ఆ తర్వాత కేశవులు బజారులో తలెత్తుకు తిరగలేడు.

మెకానిక్కు దగ్గరికి తీసుకుపోదామంటే మెకానిక్కు షెడ్లన్నీ మురళి అంగడికి ఎదురుగానే ఉన్నాయి. కారు అక్కడ ఒక్క క్షణం ఆగితే, మురళి ఇక్కడ జీపు కడగడం మొదలుపెడతాడు. అందుకని లైటు ఇంట్లోనే బాగుచేయాలని కేశవులు నిశ్చయించుకున్నాడు. ఆ మాట విని శ్రీవాసవి కారు దిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మీరు బాగుచేసిన ఫ్యాను ఇప్పటికీ గాలిని పైకే ఇస్తాండాది. మిక్సీ మూత తీస్తేగాని తిరగదు. అమ్మవారి పనిలో కూడా వేలు పెడతారా?" అంది.

"అది కరెంటు. ఇది బ్యాటరీ. వేరే శాస్త్రం" అన్నాడు కేశవులు, రెండింటిలోనూ సమానమైన పాండిత్యం ఉన్న మనిషి గనుక ధైర్యంగా. పని అయ్యేదాకా పురుగు కూడా ఇంట్లోకి రాకూడదని, కారు వెనక భాగం ఎవరి కంటా పడకూడదని చెప్పి డిక్కీ తెరిచాడు.

ఆ మాట వరండాలో పూలు కడుతున్న తల్లి కన్యకమ్మ చెవిన పడింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. లేచి వెళ్లి పెరట్లోని వేపచెట్టు నుంచి నాలుగు మండలు విరుచుకొచ్చి వీధి రేకు గేటుకు కట్టేసింది. గేటుకు వేపమండలు కనబడితే ఆ ఇంట్లో ఎవరికో ఆటలమ్మ పోసిందని అర్థం. ఇక గడప తొక్కే ధైర్యం ఎవరికీ ఉండదు. కొడుకు అడిగింది అదే కదా అనుకుని ఆమె మళ్లీ పూల దగ్గర కూర్చుంది. డిక్కీలో తల దూర్చిన కేశవులుకు ఈ సంగతి తెలియదు.

స్క్రూలు విప్పితే లైటు మొత్తం పెట్టెలా ఊడి చేతికొచ్చింది. లోపల మార్చడానికి బల్బు లేదు. ఎర్ర అద్దాన్ని వెనక డొప్పకు అతికించి, చీమ కూడా దూరకుండా మూసేశారు. స్క్రూడ్రైవరుతో తెరవబోయాడు, రాలేదు. అప్పుడు కేశవులుకు తన వృత్తి అండగా నిలబడింది. స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటే అంగళ్లో ఏం చేస్తారు? వేడి తగిలిస్తారు, విడిపోతాయి. తాతల నాటి నుంచి వాళ్ల వంశంలో వేడికి లొంగని సామాను లేదు. గ్లాసుకు పనిచేసేది లైటుకు ఎందుకు పనిచేయదని ఆయన తిన్నగా వంటింట్లోకి నడిచి, ఇడ్లీ పాత్రలోంచి రేకులు తీసి, ఆ స్థానంలో లైటు పెట్టి మూత వేశాడు. శ్రీవాసవి ఆ మూత వైపు, మొగుడి వైపు మార్చి మార్చి చూసి, ఇక తన ప్రాణం ఉండగా ఆ పాత్రలో ఇడ్లీ వేయనని చెప్పి బయటికి వెళ్లిపోయింది.

ఆవిరి పట్టాక అద్దం నిజంగానే విడిపోయింది. కేశవులు ఛాతీ పొంగింది. లోపల చూస్తే గరిటెడు నీళ్లు, తుప్పు పట్టిన తీగ, అంచుల్లో గట్టిపడిన కుంకుమ ఉన్నాయి. నీళ్లు వాసన చూశాడు. పులిసిన టెంకాయ నీళ్లు.

ఆయనకు విషయం వెలిగింది. వాళ్ల సందు ఇరుకు. కారును ఎప్పుడూ ముక్కు లోపలికి పెట్టి నిలబెడతారు. ముందుభాగం గోడకు తగిలి ఉంటుంది గనుక, ప్రతి శుక్రవారం తల్లి బండి పూజ వెనకవైపే చేస్తుంది. బొట్టు పెట్టేది కుడి లైటుకు, టెంకాయ కొట్టి నీళ్లు చిలకరించేదీ దాని మీదే. కేశవులు వరండాలోకి తొంగి చూశాడు. తల్లి కళ్లు మూసుకుని లలిత చదువుకుంటోంది. ఆమెతో ఈ సంగతి చెప్పే మగాడు ఆ వంశంలో ఇంకా పుట్టలేదు. ఆయన నీళ్లు ఒంపేసి, కుంకుమ వేలితో గీకి, తుప్పు గరుకు కాగితంతో రుద్ది, అద్దాన్ని గమ్ముతో అతికించి తీగలు కలిపాడు. లైటు భగ్గున వెలిగింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆవిరి పట్టిన కుడి లైటు కొత్తదానిలా తళతళలాడుతోంది. దాని పక్కన ఎడమది మాసిపోయి కనబడింది. ఒక కంటికే ఆపరేషన్ అయిన ముసలాయనలా ఉంది కారు. చాలించమని శ్రీవాసవి చెప్పింది. చేయి తిరిగిన కేశవులు వినలేదు. నిక్షేపంగా ఉన్న ఎడమ లైటును కూడా ఊడదీసి పాత్రలో పెట్టాడు.

ఈలోపు గేటుకున్న వేపమండలు వాటి పని అవి చేశాయి. ఎదురింటి పెద్దక్క వాటిని చూసి కేశవులుకు ఆటలమ్మ పోసిందని పాలవాడికి చెప్పింది. పాలవాడు అమ్మవారిశాల వంటవాళ్లకు చెప్పేసరికి అది ఇంటిల్లిపాదికీ పోసింది. కాసేపటికి ప్రదీప్‌కుమార్, ఆయన వెనక మురళి, సందు మొదట్లో నిలబడి, ఇంటిల్లిపాదికీ ఆటలమ్మంట నిజమేనా అని అక్కడి నుంచే కేక పెట్టారు. మురళి చేతిలో జీపుకు వేయాల్సిన బంతిపూల దండ కూడా ఉంది.

ఇంట్లో జబ్బేమీ లేదని చెప్పడానికి కేశవులు ఆత్రంగా గేటు దగ్గరికి పరుగెత్తాడు. పొయ్యి దగ్గర నిలబడి నిలబడి ఆయన ముఖం కందిపోయి ఉంది. చెమట తుడుచుకున్నప్పుడల్లా వేలికున్న పాత కుంకుమ ముఖానికి అంటుకుని, నుదుటి మీద, బుగ్గల మీద, గడ్డం కింద ఎర్రటి చుక్కలు తేలాయి.

"నాకేం లేదన్నా, చూడు, బాగుండా" అన్నాడు.

వాళ్లిద్దరూ ఇంకో నాలుగడుగులు వెనక్కి వేశారు.

"బాగుండావులేప్పా. లోపల పడుకో, గాలికి తిరగొద్దు" అన్నాడు ప్రదీప్‌కుమార్ జాలిగా. "బండి సంగతి మురళి చూసుకుంటాడు."

గేటుకు కట్టిన వేపమండలు అప్పుడు గానీ కేశవులు కంటపడలేదు. జబ్బు లేదంటే మండలెందుకు కట్టావంటారు. నిజం చెబితే లైటు సంగతి బయటపడుతుంది. ఏది చెప్పినా పటం జీపు ఎక్కుతుంది. ఏళ్ల తరబడి అంగడి తెరవగానే అమ్మవారికి దండం పెట్టుకుంటే, ఒక్క సాయంత్రం ఆమెను మోసే యోగం కూడా చేతిదాకా వచ్చి జారిపోతోందని ఆయనకు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు కన్యకమ్మ లేచి వచ్చింది. కొడుకు ముఖాన్ని కొంగుతో ఒక్క తుడుపు తుడిచి, ఎర్రబడిన కొంగును వాళ్లకు ఎత్తి చూపించింది.

"కుంకుమ నాయనా. పూజలో కూర్చున్నోడికి అంటదా? మండలు కట్టింది మనుషులకు కాదు, బండికి. అమ్మవారు ఎక్కే బండికి దిష్టి తగలకుండా చూసుకోవద్దా? అన్నేళ్లు ఆ తల్లి నీ జీపెక్కిందే మురళీ, ఒక్క మండన్నా కట్టినావా?"

మురళి దండను వెనక్కి దాచుకున్నాడు. ప్రదీప్‌కుమార్ ఆ పెద్దామె భక్తికి కదిలిపోయి చేతులు జోడించాడు. తనకు ఇంతకాలం ఈ ఆలోచన రానందుకు నొచ్చుకున్నాడు. ఇంత నిష్ఠగా చూసుకుంటున్న బండిని ఒక్కసారి దర్శించి పోతానని దగ్గరికొచ్చి గేటు మీద చెయ్యి వేశాడు. ఎడమ లైటు ఇంకా ఇడ్లీ పాత్రలో ఉడుకుతోంది. కారు వెనక రెండు వైర్లు వేలాడుతున్నాయి. పూజ పూర్తి కాకముందు బండిని బయటివాళ్లు చూడకూడదని కన్యకమ్మ శాస్త్రం చెప్పింది. ఏ శాస్త్రమని అడిగేంత ధైర్యం ఆయనకు లేదు. ఇద్దరూ గేటుకు దండం పెట్టుకుని వెళ్లిపోయారు. తల్లి కొడుకు వైపు తిరిగి, పని త్వరగా కానిమ్మని మాత్రం అంది.

పూలు కట్టేవాడు వచ్చేలోపు రెండు లైట్లూ వాటి చోట్లలో కూర్చున్నాయి. బ్రేకు తొక్కితే రెండూ ఒక్కసారే ఎర్రగా వెలిగాయి. శ్రీవాసవి మెచ్చుకోలేదు గానీ, వంక పెట్టనూ లేదు. పెళ్లయిన నాటి నుంచి ఆమె అంత ఉదారంగా ఎప్పుడూ లేదు.

దీపాలు పెట్టే వేళకు ఊరేగింపు కదిలింది. పైన పూల మధ్య అమ్మవారి పటం, ముందు నాదస్వరం, వెనక పట్టుచీరల కోలాటం, మధ్యలో స్టీరింగు పట్టుకుని కేశవులు. బండి నత్తనడక నడుస్తోంది, ఆయన కాలు బ్రేకు మీదే ఉంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆవిరికి ఉడికిన లైట్లలో ఎక్కడో సన్నటి అతుకు వదులైంది. చల్లగా ఉన్నంతసేపు అంటుకునే ఉంటుంది. కాస్త వేడెక్కితే విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. ఇంటి దగ్గర ఒక్క తొక్కుడుకు బయటపడని ఈ జబ్బు, పప్పుల బజారు మలుపులో బయటపడింది.

కేశవులుకు వెనక అద్దంలో కోలాటం వేసే ఆడవాళ్ల ముఖాలు కనబడుతున్నాయి. ఎర్రటి వెలుగులో ఉన్న కుడివైపు ముఖాలు ఉన్నట్టుండి మసకబారాయి. కుడివైపు వెలిగింది, ఎడమవైపు ఆరిపోయింది. తర్వాత కుడి ఆరింది, ఎడమ వెలిగింది. వెనక నుంచి గోల లేచింది. జనం పక్కవాళ్లను పిలిచి చూపిస్తున్నారు. ఆ గుంపులో మురళి ముఖం ఒకసారి ఎర్రగా కనబడి మాయమైంది. కేశవులుకు తల ప్రాణం తోకకొచ్చింది. బ్రేకు మీద నుంచి కాలు తీద్దామంటే ముందు నాదస్వరం వాళ్లున్నారు. తల్లీ, నా బండెక్కి నా పరువే తీస్తావా అని పైనున్న పటంతో మొరపెట్టుకున్నాడు.

నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆపారు. ప్రదీప్‌కుమార్ జనాన్ని తోసుకుంటూ వచ్చి అద్దం మీద తట్టాడు. కేశవులు దిగడానికి సిద్ధపడి, తాళంచెవి తీయబోయాడు.

"ఏమప్పా కేశవులూ, ఇంత పని చేసి ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాడు ప్రదీప్‌కుమార్. "ఆపొద్దు. బ్రేకు తొక్కు. ఆడోళ్లు తాళం తప్పుతాండారు."

కేశవులుకు అర్థం కాలేదు. తొక్కాడు. తల బయటికి పెట్టి వెనక్కి చూశాడు. కుడి లైటు వెలిగితే కుడి వరస కోల కొడుతోంది, ఎడమ లైటు వెలిగితే ఎడమ వరస కొడుతోంది. చూస్తుండగానే లైట్లు జోరందుకున్నాయి, వాటితో కోలలూ జోరందుకున్నాయి. ముందున్న డోలు విద్వాంసుడు సంగతి తెలుసుకుని వెనక్కి తిరిగి ఆ తాళాన్నే అందుకున్నాడు. మేడల మీద జనం చప్పట్లు కొడుతున్నారు. అమ్మవారి ఊరేగింపు కోసం కేశవులు బెంగళూరు నుంచి కోలాటం లైట్లు తెప్పించాడని వార్త అప్పటికే బజారు చివరికి చేరింది. మొదటి వరసలో ఆడుతున్న శ్రీవాసవి మొగుడి కళ్లలోకి చూసి, కోల కొడుతూనే తల అడ్డంగా ఊపింది. ఆమె నవ్వాపుకోలేక అవస్థపడుతోంది. ఆ నవ్వు చూశాక కేశవులు సీటులో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

పటం తిరిగి అమ్మవారిశాలకు చేరాక, ఇక మీదట ఏటా ఆ కారేనని ప్రదీప్‌కుమార్ మైకులో ప్రకటించాడు. లైట్లు మాత్రం అలాగే ఉంచాలని, ఏ మెకానిక్కునూ ముట్టుకోనివ్వకూడదని షరతు పెట్టాడు. కేశవులు వినయంగా ఒప్పుకున్నాడు. కన్యకమ్మ బండి వెనక్కి వెళ్లి మరో టెంకాయ కొట్టింది.

మర్నాడు పొద్దున మురళి తన జీపును సందులోకి తెచ్చి, గొంతు తగ్గించి, నిక్షేపంగా వెలుగుతున్న దాని వెనక లైట్లను కూడా కాస్త బాగుచేసి పెట్టమని కేశవులును అడిగాడు.