పుట్టుక పత్రం లేని ఇప్పచెట్టు

ఒక పెద్ద అడవిలో, అంటే ఏదో ఓ మాదిరి పెద్దది కాదు, తూర్పు కొసన కూసిన కోడికూత పడమటి కొసకు చేరేసరికి మధ్యాహ్నం భోజనాలు అయిపోయేంత పెద్ద అడవిలో, పోయిన వేసవి కార్చిచ్చుకు ఒక కొండవాలు కాలిపోయింది. మిగిలిందల్లా ఒక్క ఇప్పచెట్టు.

పులిరాజు సభ పెట్టాడు. "అక్కడ సహజవనం వెయ్యండి. అన్నీ మన నేల చెట్లే ఉండాలి. ఉగాదికి వచ్చి చూస్తాను."

ఎలుగుబంటి బొంతయ్య పొంగిపోయాడు. ఆ ఇప్పపూలు తినే అంతవాడయ్యాడు మరి. ఒక్క పూటలో ఏడు గంపలు తిని, ఎనిమిదోది ఏదని అడిగిన ఘనుడు.

"ఇప్ప, తునికి, మోదుగ, నల్లమద్ది. గింజలు నేను తెస్తాను. నాలుగు చినుకులు పడితే అవే లేస్తాయి," అన్నాడు.

"అవే లేస్తే ఇక ఆఫీసెందుకయ్యా?" అంది కార్యదర్శి నక్క. "మన నేలదని రుజువేది? ప్రతి చెట్టుకూ పుట్టుక పత్రం ఉండాలి. పత్రం లేనిది పరాయిది. తీసెయ్యాలి."

"ఇప్పచెట్టుకు కూడానా?"

"సాక్షిని తెచ్చుకో."

బొంతయ్య మూడు వాగులు ఒక్క దూకులో దాటి, మూడొందల ఏళ్ల తాబేలు తాతను వీపున మోసుకొచ్చాడు.

"నేను గుడ్డు పగలగొట్టుకుని వచ్చేసరికే ఈ చెట్టు పూలు రాలుస్తోంది నాయనా," అన్నాడు తాత.

"అంటే అది పుట్టడం తమరు చూడలేదు. సాక్ష్యం చెల్లదు," అని రాసుకుంది నక్క.

వానాకాలంలో కోనోకార్పస్ మొక్కలు దిగాయి. సముద్రాలు దాటొచ్చిన జాతి. పండు లేదు, పిట్టకు పనికిరాదు. అయితేనేం, నర్సరీలో పుట్టాయి కనుక పుట్టిన తేదీ, సంచి నంబరు, గుండ్రటి ముద్ర అన్నీ ఉన్నాయి. నక్కకు కళ్లు చెమర్చాయి. "మన నేల బిడ్డలంటే ఇవీ."

వెయ్యి మొక్కలు బారులు తీరాయి. ఇప్పచెట్టును తినెయ్యమని నక్క చెదపురుగులను పిలిపించింది.

"పచ్చి మాను మాకు పడదండీ," అంది చెదరాణి.

"బెరడు ఒలిపిస్తాను, ఎండుతుంది. అందాకా రికార్డుల గదిలో విడిది చెయ్యండి."

ఆ మాట విన్న బొంతయ్య వెళ్లి మానును కావలించుకున్నాడు. తొమ్మిది రోజులు కదల్లేదు. ఎర్రచీమలు ఎక్కినా గోక్కోలేదు. ఎలుగుబంటి గోక్కోకుండా ఉండటమంటే మాటలా! బెరడు ఒలవడానికి వచ్చినవాళ్లు ఆ గోళ్లు చూసి, సెలవు చీటీ రాసిచ్చి వెళ్లిపోయారు.

ఉగాదికి పులిరాజు వచ్చి, పత్రాలు చూపమన్నాడు. నక్క పెట్టె తెరిచింది. లోపల పుట్టమన్ను.

"భోజనం దివ్యంగా ఉందండీ. ముద్రల దగ్గరే కాస్త ఉప్పెక్కువ," అంది చెదరాణి.

"పత్రం లేనిది పరాయిదని రాసింది నువ్వేగా," అని నక్కతో అన్నాడు రాజు. పీకెయ్యమని వెంట వచ్చిన ఏనుగుకు సైగ చేశాడు.

కోనోకార్పస్‌లు మెంతికూర కట్టల్లా ఊడొచ్చాయి. చివరికి ఇప్పచెట్టు వంతు. బొంతయ్య పరుగున వచ్చి, కళ్లు మూసుకుని మళ్లీ మానును గట్టిగా పట్టుకున్నాడు. ఏనుగు నుదురు ఆనించి ఒక్క తోపు తోసింది. జలజలా పూలవాన కురిసింది. ఏనుగు తెరిచిన నోరు మూస్తే ఒట్టు.

"పీకుతావా, లేదా?" అన్నాడు రాజు.

"తిన్నాక చూద్దాం దొరా."

ఎండ మాడుస్తోంది. వాలంతటికీ ఉన్న నీడ అదొక్కటే. రాజు వచ్చి బొంతయ్య పక్కనే చతికిలబడ్డాడు. "ఇది ఇక్కడిదేలే," అన్నాడు, ఆవలిస్తూ.

నీతి: వేళ్లున్న చెట్టును కూడా కాగితం అడగాల్సిందే; లేకపోతే చెదపురుగులు ఏం తిని బతుకుతాయి?