నూటికి నూరు

ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది. అందుకే వాతావరణ కేంద్రంలో అందరూ ఆయన్ని పొదుపయ్య అంటారు. ఆ ఉదయం ఆయన అనుకున్నది చిన్న పనే: వాన లెక్క కట్టే ప్రోగ్రాం నడిపించి, మధ్యాహ్నంలోగా రిజిస్ట్రారు ఆఫీసుకు చేరి, బావమరిది పెళ్ళికి సాక్షి సంతకం పెట్టడం.

ఆ లెక్కను వందలాది ప్రాసెసర్లు పంచుకుంటాయి. గుంపులు కట్టి సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. పనయ్యాక గుంపును రద్దు చేసి, అది పట్టుకున్న మెమరీని వదిలెయ్యాలి. ఇన్నేళ్ళుగా ఎవరూ వదల్లేదన్న సంగతి ఆ పూటే పొదుపయ్య కంటబడింది. ఇంకేముంది, రద్దు చెయ్యమని ప్రోగ్రాంలో ఒక వాక్యం రాశాడు. అదీ గుంపుకు పెద్దగా ఉన్న ప్రాసెసరుకు మాత్రమే. ఇంటిపెద్ద చెప్పాక మిగతావాళ్ళూ చెప్పడం దండగ అనుకున్నాడు.

ప్రోగ్రాం మొదలైంది. తెర మీద ప్రతి ప్రాసెసరూ నూటికి నూరు శాతం పనిలో ఉన్నట్టు కనిపించింది. అటుగా వచ్చిన డైరెక్టరు మురిసిపోయి, తనిఖీకి వచ్చిన అధికారుల్ని వెంటబెట్టుకొచ్చాడు. వెళ్ళాలని పొదుపయ్య నసిగితే, "ఇంత పని జరుగుతుంటే నువ్వెక్కడికయ్యా?" అని పక్కన నిలబెట్టుకున్నాడు. గంట గడిచినా లెక్క ముందుకు సాగలేదు. అయినా అంతగా కష్టపడుతున్నవాటిని అనుమానించడం పాపమనిపించింది పొదుపయ్యకు.

ఇంతలో భార్య ఫోన్ చేసింది. పెళ్ళికూతురితో సహా అందరూ గుమ్మంకేసి చూస్తున్నారట. రిజిస్ట్రారు భోజనానికి లేస్తే మళ్ళీ తమ వంతు వచ్చేది వచ్చే నెలేనట.

"అక్కవి, నువ్వు పెట్టేశావుగా. చాలదూ?"

"చాలదండీ. సాక్షులమని రాసిచ్చినవాళ్ళం అందరం పెడితేనే అవుతుందట. మీరొచ్చేదాకా మేమంతా ఇలా కూర్చోవాల్సిందే."

పొదుపయ్య చటుక్కున తెరకేసి తిరిగాడు. గుంపు రద్దూ అంతే! అందులో ఉన్న ప్రతి ప్రాసెసరూ ఆ వాక్యం దగ్గరికొచ్చి ఊఁ అనాలి. పెద్దది అక్కడ మిగతావాటి కోసం కాచుక్కూర్చుంది. మిగతావి దాని తర్వాతి సందేశం కోసం కాచుక్కూర్చున్నాయి. నూటికి నూరు శాతం సాగుతున్నది, వచ్చిందా వచ్చిందా అని క్షణం ఆగకుండా తొంగిచూసే ఆ ఎదురుచూపే.

వాక్యాన్ని అందరికీ వర్తించేలా మార్చి మళ్ళీ నడిపాడు. లెక్క చకచకా ముగిసింది. రేపు వాన ఉందని తేలింది. తెర మీద అంకెలన్నీ సున్నాకు దిగిపోయాయి. డైరెక్టరు ముఖం మాడిపోయింది.

"ఇందాకటిదాకా ఎంత బాగా పనిచేసింది. ఏం పాడుచేశావయ్యా?"

పొదుపయ్య అప్పటికే పరుగు తీశాడు. రిజిస్ట్రారు కుర్చీ వెనక్కి జరుపుతుండగా సంతకం గీకాడు. పెళ్ళయిపోయింది. బావమరిది కళ్ళు తుడుచుకుంటూ, "ఇంతసేపూ ఏం చేస్తున్నావు బావా?" అన్నాడు.

"మీరు చేస్తున్నదే," అన్నాడు పొదుపయ్య.

మర్నాడు అధికారుల నుంచి ప్రశంసాపత్రం వచ్చింది, ఏ పనీ జరగని ఆ గంటకు.