అద్దం పెట్టెకు బొట్టు

1988 దసరా నాడు మంగళ వేసుకున్న పథకం చాలా చిన్నది. నల్లా దగ్గర బిందెల వరస మొదలవక ముందే లేచి, అద్దం పెట్టెను చంకన పెట్టుకుని, గ్రాంట్ రోడ్ దగ్గరి కంప్యూటర్ క్లాసుకు పోవాలి. అక్కడి పెట్టెలో కొత్తగా చేరినవి దీంట్లోకి ఎక్కించుకోవాలి. అమ్మ గారెల పిండి రుబ్బే వేళకు తిరిగి రావాలి. అంతే.

అద్దం పెట్టెలో అద్దం లేదు. ఈ సంగతి బొంబాయి కామాటిపురాలో వాళ్లుండే వరసగదుల ఛాల్‌లో అందరికీ తెలియడానికి చాలా కాలం పట్టింది. పక్కగది గంగాబాయి జడ వేసుకుందామని దువ్వెనతో సహా వచ్చి, చిన్నబుచ్చుకుని వెళ్లింది కూడా. అందులో ఉన్నవి ఫ్లాపీలు, నల్లటి చదరపు అట్టల్లాంటివి. ఒక్కోదాంట్లో కంప్యూటర్ చేసే ఒక్కో పని ఉంటుంది: లెక్కలు, ఆటలు, ఉత్తరాలు. మంగళ అన్న దుర్గయ్య ఆ క్లాసులో పనిచేస్తూ వాటిని పోగేశాడు. ఖాళీ ఫ్లాపీ పట్టుకుని ఎవరొచ్చినా ఉత్తగానే నకలు తీసి ఇచ్చేవాడు. ఒక వానాకాలం క్లాసులోకి నీళ్లు వచ్చాయి. అప్పుడు అదే సరుకంతా ఇంకో పెట్టెలోకి ఎక్కించి, సారు మూల పడేసిన పాత కంప్యూటర్‌ను అడిగి తెచ్చి, ఛాల్‌లోని భజన గదిలో పెట్టాడు. అక్కడ ఏముంటే ఇక్కడా అదే ఉండాలి, అద్దంలో లాగా. అందుకే దానికి ఆ పేరు పెట్టాడు.

"ఒకటి మునిగినా ఇంకోటి బతకాలె మంగళా. రెండిటినీ ఒక్క కాడ పెట్టి మరిచిపోకు" అని చెల్లెలికి పని నేర్పాడు. పోయిన వానాకాలంలో కామెర్లు వచ్చి తనే పోయాడు. అన్నిటికీ నకలు తీసిన మనిషికి నకలు లేకపోయింది.

ఆ ఫ్లాపీల్లో ఒకటి మాత్రం దుర్గయ్య సొంతంగా చేసింది. ఒక్కో అక్షరాన్నీ చుక్కలు చుక్కలుగా పేర్చి, తెర మీద తెలుగు వచ్చేలా చేశాడు. దాన్ని తెరవగానే మొట్టమొదట "తిన్నవా?" అని అడుగుతుంది. ఇదేం ప్రశ్న, తీసెయ్ అని సారు ఎంత చెప్పినా తీయలేదు. వాళ్లమ్మ కిష్టమ్మకు చదువు రాదు. అయినా ఆదివారం ఆదివారం తెర ముందు కూర్చుని, కొడుకు పేర్చిన ఆ మాట వెలగగానే "తిన్న బిడ్డా" అని చెప్పి లేచేది. వారమంతా అమ్మ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉందని మంగళకు తెలుసు.

క్లాసు పిల్లలకు తెలుగుతో ఏం పని? వాళ్లు ఆటలు తీసుకుపోయేవారు. తెలుగు ఫ్లాపీ అడిగినవాడు ఒక్కడే, ధారావిలో తోలు సంచుల కార్ఖానాలో పనిచేసే ఎల్లయ్య. వాళ్ల సేట్ కొత్తగా కంప్యూటర్ కొన్నాడనీ, ఊరికి ఉత్తరాలు అందులో రాసుకుంటాననీ వచ్చి, భజన గది గడప అవతలే నిలబడ్డాడు. "తోలు ముట్టిన చేతులు లోపలికి రానియ్యకు బిడ్డా" అని ఛాల్ పెద్ద పెద్దయ్య అతనికి వినబడేలాగే అన్నాడు. మంగళ ఎప్పుడూ ఎవరినీ ఏమీ అనదు. నకలు తీసి గడప మీదుగా అందించింది.

ఆ దసరా పొద్దున మెట్ల దగ్గర ఆమెను ఆపింది ఆ పెద్దయ్యే. తాపీ మేస్త్రీగా సగం బొంబాయి కట్టానని చెప్పుకునే మనిషి. ఆయుధ పూజంటే ఆయనకు ప్రాణం.

"ఏడికి బిడ్డా పొద్దుగాలనే?"

"క్లాసుకు తాతా. రెండు పెట్టెలు ఒక తీరు చెయ్యాలె."

"పండుగ పూట ఆ పెట్టె అక్కడ, ఈ పెట్టె ఇక్కడనా? అన్నదమ్ములను ఇడదీసి పూజ చేస్తర? అది గూడ ఈడికే తీస్కరా. రెండిటికీ బొట్టు పెడదాం. దుర్గయ్య ఆత్మ సల్లబడ్తది."

వద్దని చెప్పాలని మంగళ నోరు తెరిచింది. మాట రాలేదు. తెరిచిన నోటిని మూయడానికి తల ఊపింది. పెద్దయ్య దాన్ని ఒప్పుకోలు కింద జమ వేసుకున్నాడు. సారు పండుగకు పుణె పోయాడు, తాళం వాచ్‌మన్ దగ్గరుంది. "పూజకంట" అనగానే వాచ్‌మన్ పెట్టె ఇవ్వడమే కాకుండా దండం కూడా పెట్టాడు.

మధ్యాహ్నానికి భజన గదిలో తాపీలు, తూకం గుండ్లు, రంపాలు, గంగాబాయి కుట్టుమిషన్, వాటి నడుమ కంప్యూటర్. తెరకు మూడు విభూతి గీతలు. మీటల పలకకు మీట మీటకూ బొట్టు. ఫ్లాపీకి ఎక్కడ పెట్టాలన్న దగ్గర కొంచెం చర్చ జరిగింది. అట్ట మీద నిలువుగా ఒక సందు ఉంటుంది. అందులోంచి లోపలి రేకు కనబడుతుంది. రాసినదంతా ఉండేది ఆ రేకు మీదే.

"గిదే నొసలు" అని తేల్చేసింది గంగాబాయి. "చూడు, దేవుడే జాగ ఇడిసిపెట్టిండు."

తడి పసుపు, దాని మీద కుంకుమ. అసలు పెట్టె అయింది, అద్దం పెట్టె అయింది. అందరూ కొబ్బరికాయ వైపు చూస్తున్నప్పుడు మంగళ ఒక్క ఫ్లాపీని, అద్దం పెట్టెలోని అన్న ఫ్లాపీని, బొట్టు పడకముందే తీసి ఓణీ కింద దాచుకుంది. ఆ పూట ఆమె చేసిన ధైర్యం అదొక్కటే.

"ఇగ నడిపియ్యి బిడ్డా. పూజైనంక పనిముట్టు ఒక్కపారన్న కదలాలె" అన్నాడు పెద్దయ్య.

మంగళ బొట్టున్న లెక్కల ఫ్లాపీనే తుడిచి పెట్టింది. కంప్యూటర్ గరగరమంది, ఆగిపోయింది.

"అయ్యో, దిష్టి తగిలింది" అన్నాడు పెద్దయ్య. ఎండుమిరపకాయలు తెప్పించి, మూడుసార్లు తిప్పి, అక్కడే కాల్పించాడు. గదంతా దగ్గింది. ఇంకో ఫ్లాపీ పెట్టారు, ఇంకా గట్టిగా గరగరమంది. ఆటల ఫ్లాపీ పెడితే కీచుమంది. "అరే, జోర్ చేస్తున్నది, వస్తది వస్తది" అని గంగాబాయి హారతి పట్టింది.

అప్పుడు వెనకనుంచి కిష్టమ్మ ముందుకొచ్చింది. కళ్లనిండా మిరప నీళ్లు.

"నా కొడుకుది పెట్టు బిడ్డా. అది పలుకుతది. నేను కూసుంటే అది పలకకుంట ఉంటదా?"

అమ్మ అడిగితే ఎలా వద్దంటుంది? పైగా అది శుభ్రంగా ఉంది, తడి తగలలేదు. మంగళ ఓణీ కిందినుంచి తీసి పెట్టింది. లోపల చదివే ముల్లుకు అప్పటికే కుంకుమ, పసుపు గట్టిగా అట్టకట్టి ఉన్నాయన్నది ఆమెకు తట్టలేదు. కంప్యూటర్ ఆ ఫ్లాపీని కూడా గీసింది. తెర మీద ఏమీ రాలేదు. బయటికి తీసి చూస్తే నల్లటి రేకు మీద గుండ్రంగా ఒక తెల్లటి గీత.

కిష్టమ్మ చాలాసేపు కూర్చుంది. మాట వెలగలేదు. "పండుగ నాడు అలిగిండు" అని లేచి గదిలోకి పోయింది. రుబ్బిన పిండి రుబ్బినట్టే ఉండిపోయింది.

మరునాడు సారు వచ్చి పెట్టెలు తెరిచి, "అరే దేవా" అని నుదురు కొట్టుకున్నాడు. "ఆటలు, లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. దుర్గయ్యది ఎక్కడ తేను? రెండు పెట్టెలూ ఒకే చోట ఎవరు పెట్టమన్నారు?"

గడప దగ్గర పెద్దయ్య తలపాగా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నోరు తెరిచి మూశాడు. ఆ పని మంగళకు బాగా తెలిసిన పనే. ఆయన తరఫున కూడా తనే మాట్లాడాల్సి వచ్చినట్టు అనిపించిందామెకు.

"ధారావిల ఉంది" అంది.

అందరూ ఎవరు మాట్లాడారా అని చుట్టూ చూశారు.

"అన్నది. ఎల్లయ్య కాక దగ్గర ఒక నకలు ఉంది."

పెద్దయ్య నేల చూశాడు. కిష్టమ్మ అప్పటికే కొంగు నడుముకు దోపుకుంటోంది. "బొట్టు పెట్టిచ్చింది నేను. నేను రాకుంటె ఎట్ల" అని పెద్దయ్య కూడా మంగళ, సారుల వెంట బయల్దేరాడు.

ధారావిలో కింద కార్ఖానా, పైన ఎల్లయ్య కాపురం. ఎల్లయ్య సందూకు తెరిచి, ఇస్త్రీ చొక్కా కిందనుంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫ్లాపీ తీశాడు.

"దీనికి పూజ గిట్ల చేసినవా?" పెద్దయ్య అడిగాడు.

"నన్నెవరు పిలిచిన్రు మామా పూజకు?"

సేట్ కంప్యూటర్ దగ్గర సారు మొదట ఇంకో ఫ్లాపీలోకి నకలు తీశాడు. కిష్టమ్మ ఆగలేక దగ్గరికి వస్తుంటే, "ముందు నకలు, ఏడుపు తర్వాత" అని చెయ్యి అడ్డం పెట్టాడు. నకలు అయ్యాక పక్కకు జరిగి ఆమెకు కుర్చీ ఇచ్చాడు.

తెర నల్లగా ఉండి, కొంచెంసేపటికి చుక్కలు చుక్కలుగా వెలిగింది.

తిన్నవా?

కిష్టమ్మ ఎప్పటి మాట చెప్పబోయింది. చెప్పలేకపోయింది. "లేదు బిడ్డా" అంది. "నిన్నటిసంది తినలే."

ఎల్లయ్య భార్య రాములమ్మ పైకి పోయి, జొన్న రొట్టెలు, పండుగనాటి కూర తెచ్చి పళ్లాలు పెట్టింది. కిష్టమ్మ ఏడుస్తూనే తింది. మంగళ తింది, సారు తిన్నాడు. ఆఖరి పళ్లెం పెద్దయ్య ముందు ఆగింది. తోలు పనివాళ్ల ఇంట్లో ఆయన ఏనాడూ మంచినీళ్లయినా తాగలేదు. తెర మీద ప్రశ్న అలాగే వెలుగుతోంది. ఆయన దాన్ని చూశాడు, ఎల్లయ్యను చూశాడు, కూర్చుని రొట్టె తుంచాడు.

మరుసటి దసరాకు పూజకు ఎల్లయ్యను పిలిచారు. అద్దం పెట్టెను మాత్రం పిలవలేదు.