గంటె గుర్తుకే మన ఓటు

కోదాడలో సోషల్ చెప్పే వీరేశం సారును వాళ్ల వీధిలో రూల్స్ వీరేశం అంటారు. చెప్పులు ఏ వరుసలో విడవాలో కూడా కాగితం మీద రాసి గుమ్మం పక్కన అతికించిన మనిషి. ఆ రూలును రోజూ అందరికంటే ముందు తప్పేది ఆయనే.

ఓ ఆదివారం మధ్యాహ్నం, మటన్ ముక్క నోట్లో ఉండగానే ఆయన నెత్తిన పిడుగు పడింది. పడేసింది భార్య శోభ.

"వచ్చే ఆదివారం నుంచి సూర్యాపేట పోతున్న. సూపర్‌వైజర్ పరీక్షకు కోచింగ్. పొద్దున ఏడింటి బస్సు."

శోభ అంగన్‌వాడీ టీచరు. ఆ పరీక్ష రాయాలని మూడేళ్లుగా అనుకుంటోంది. మూడేళ్లుగా ప్రతి ఆదివారమూ మటన్ కూర అడ్డం పడుతోంది.

"మరి మటన్?" అన్నాడు వీరేశం.

"మేకక్కూడ జర సెలవియ్యయ్యా."

వీరేశం ఓడిపోయే రకం కాదు. కనీసం ఓడిపోయానని ఒప్పుకునే రకం కాదు.

సోమవారం ఎనిమిదో తరగతికి రాజకీయ పార్టీల పాఠం. ఏటా అదే పాఠం, పిల్లలకు ఏటా అదే నిద్ర. చాక్‌పీసు చేతికి రాగానే ఆయనకు మెరుపులాంటి ఆలోచన తట్టింది.

"పుస్తకాలు మూయండ్రి! ఈసారి ప్రాజెక్టు. ఎవరింట్ల వాళ్లు పార్టీలు పెట్టాలె. పేరు, గుర్తు, మేనిఫెస్టో, ప్రచారం. శనివారం ఓటింగ్."

బోర్డు మీద నాలుగు రూల్స్ రాశాడు. నాలుగోది రాసేటప్పుడు చాక్‌పీసు విరిగింది: గెలిచిన పార్టీ మేనిఫెస్టోను ఇంట్లో నెల రోజులు తప్పక అమలు చేయాలి.

ఆయన కూతురు నిఖితదీ అదే తరగతి. ఆ ఇంటి ఎన్నికకు అధికారిగా క్లాస్ లీడర్ నీరజ వచ్చింది. వయసు పదమూడు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు చిన్నదైతే మార్పించేదాకా కదలని పిల్ల. హెడ్‌మాస్టరు కూడా ఆమెతో మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటాడు.

వీరేశం స్థాపించింది ఆదివారం ముక్క పార్టీ. గుర్తు కూర కలిపే గంటె. మేనిఫెస్టో రెండు పేజీలు: ప్రతి ఆదివారం మటన్ కూర, బగారన్నం, వేడివేడి జొన్నరొట్టెలు, సాయంత్రం సర్వపిండి.

శోభది ఆదివారం సెలవు పార్టీ. గుర్తు చేతిసంచి. మేనిఫెస్టో ఒకే ఒక్క లైను: ఆదివారం శోభ చదువుకుంటది.

"మేనిఫెస్టో అంటే గింతేనా?" అని నవ్వాడు వీరేశం.

"అబద్ధాలకే ఎక్కువ జాగ కావాలె," అంది శోభ.

ఇంట్లో ఓట్లు నాలుగు. వీరేశం వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. తనదొకటి. తల్లి పెంటమ్మ ఓటు పడితే రెండు. కూతురి ఓటు కూడా లాగితే మూడు. ఇగ ఖతం.

"అమ్మా, మూలుగ బొక్క మొత్తం నీకే," అన్నాడు తల్లి చెవిలో.

వెనక నుంచి నీరజ పెన్ను గీసిన చప్పుడు వినబడింది. "ఓటరుకు ఆశ చూపినందుకు మొదటి నోటీసు సార్."

సాయంత్రం కూతురి దగ్గర చేరాడు. "ప్రాజెక్టు మార్కులు ఎవరి చేతుల ఉంటయి బిడ్డా?"

"రెండో నోటీసు సార్," అంది తలుపు పక్క నుంచి నీరజ.

శోభ మాత్రం ప్రచారమే చేయలేదు. శుక్రవారం అత్తనూ కూతురినీ వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది. రెండు నిమిషాల తర్వాత లోపలి నుంచి పెంటమ్మ నవ్వు వినిపించింది. అదేదో సీరియల్ గురించనుకున్నాడు వీరేశం.

శనివారం ఖాళీ మిఠాయి డబ్బాకు చీలిక పెట్టి నీరజ ఓటింగ్ జరిపింది. వేళ్లకు నీలం స్కెచ్‌పెన్ను సిరా. తర్వాత డబ్బా తెరిచింది.

"గంటె. గంటె. గంటె." ఒక్క క్షణం ఆగింది. "గంటె."

నాలుగుకు నాలుగు! వీరేశం ఎగిరి గంతేశాడు. గంటెను జెండాలా పట్టుకుని వీధి చివరిదాకా ఊరేగాడు. మిర్యాలగూడలో ఉన్న తోటి సారు భాస్కర్‌కు ఫోను కొట్టాడు.

"రేపు పిల్లాజెల్లతో వచ్చెయ్యన్నా! మన ప్రభుత్వమొచ్చింది!"

ఆదివారం ఆరున్నరకు శోభ చేతిసంచి భుజాన వేసుకుంది.

"ఎటు పోతున్నవ్? నువ్వు ఓడిపోయినవ్!"

"ఓడిన గనుకనే పోతున్న. గెల్చినోళ్లకుంటది పని."

"మరి మీ ఓట్లు..."

"అందర్నీ గంటెకే వెయ్యమన్న. నా ఓటు గూడ నీకేనయ్యా."

పెంటమ్మ కుర్చీలో కుదురుగా కూర్చుంది. "గంటె నువ్వే పట్టుకుంటనంటే ఎవలు వద్దంటరు కొడుకా?"

వాకిట్లో నీరజ. వెనక నోటు పుస్తకాలతో క్లాసులో సగం మంది. "నాలుగో రూలు సార్. గెలిచినోళ్లు పని చెయ్యాలి, ఓడినోళ్లు ప్రశ్నలడగాలి. పాఠంలో మీరే చెప్పారు." అంటూ గంటె ఆయన చేతిలో పెట్టింది.

పన్నెండింటికి భాస్కర్ కుటుంబం దిగేసరికి వీరేశం మోచేతుల దాకా పిండి. రొట్టె ఒక్కోటి ఒక్కో ఆకారంలో లేస్తోంది.

"ఇది నల్లగొండ జిల్లా సార్!" అన్నారు పిల్లలు.

తిప్పబోతే అంచు విరిగి పక్కన పడింది.

"ఇగ గిది దాంట్లకెంచి విడిపోయిన సూర్యాపేట!"

సాయంత్రం శోభ బస్సు దిగి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. కోచింగ్‌లో పెట్టిన మొదటి పరీక్షలో తనే ఫస్టు. సోఫాలో కూర్చుని కూర రుచి చూసి గొంతు సవరించుకుంది.

"అధ్యక్షా! ఉప్పేది?"

పెంటమ్మ బల్ల చరిచింది. నీరజ రాసుకుంది: హామీల అమలు, ఒక ఆదివారం పూర్తి. ఇంకా మూడు.

సోమవారం తరగతిలోకి వెళ్తూనే వీరేశం డస్టర్ అందుకున్నాడు. చెయ్యి మెల్లగా నాలుగో రూలు వైపు కదిలింది.

"ఎన్నికలయినంక రూల్ మార్చరాదు సార్!" అంది తరగతి ఒక్క గొంతుతో.

ఆ పాఠంలో ఒక్కరూ నిద్రపోని సంవత్సరం అదే. వీరేశం డస్టర్ కింద పెట్టాడు. తల గోక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

"సరే గని... మీ ఇండ్లల్ల జొన్నరొట్టె గుండ్రంగ ఎట్ల చేస్తరో ఎవరికన్న ఎరుకేనా?"

నలభై చేతులు లేచాయి.